చాకు సరైన తెలుగైతే సూరికత్తి ఎవరిది?

మన ఊళ్ళ తెలుగు మీద పదాల పట్టికలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. హోసూరు పక్కవి, కోవిల్‌పట్టి పక్కవి, బరంపురంవి, సోలాపూరువి. ఎవరికి వాళ్ళు అవ్వల నోట, తాతల నోట విన్న మాటలు రాసి పెడుతున్నారు. సంతోషించాల్సిన పనే. అయితే ఈ పట్టికల్లో ఎక్కువ వాటికి ఒకే అచ్చు. ఎడమపక్క గడిలో మన మాట. నడిమి గడిలో 'సరైన తెలుగు'. కుడిపక్క గడిలో ఇంగ్లీషు అర్థం. నా తగువంతా ఆ నడిమి గడితోనే.

తగువు గాలిలో పెట్టుకుంటే తేలదు కాబట్టి ఒక్క వస్తువును పట్టుకుంటాను. మడిచి జోబిలో వేసుకునే చిన్న కత్తి. మా మొరసునాటి పల్లెల్లో ఒకటి రెండు తరాల కింద పెద్ద మగవాళ్ళ దగ్గర ఇది లేకుండా ఉండేది కాదు. వక్క చెక్కలు చేసేదానికి, మామిడికాయ కోసేదానికి, దారం తెంచేదానికి, కాల్లో ఇరిగిన ముల్లు తీసేదానికి, పిల్లోళ్ళకు పెన్సిలు చెక్కిచ్చేదానికి, అన్నిటికీ అదే. కొమ్ము పిడి, పిడి కొసకు ఇత్తడి పొన్ను, ఒక చీల, ఆ చీల మీద తిరిగే చిన్న అలుగు. అంతే వస్తువు. కానీ మన పదకోశాలు ఏం చేస్తున్నాయి, ఏం చేయడం లేదు అని చూడాలంటే ఇంత మంచి గీటురాయి ఇంకోటి నాకు దొరకలేదు.

నడిమి గడిలో కూర్చున్న చాకు

మా పక్క మాట సూరికత్తి, సూరి. పట్టికలు దీన్ని ఎడమ గడిలో పెట్టి, నడిమి గడిలో 'చాకు' అని రాస్తాయి. కొన్ని ఇంకో అడుగు ముందుకేసి సూరికి ఎదురుగా 'కన్నడ ప్రభావం' అని ఒక ముద్ర కూడా వేస్తాయి.

ఇప్పుడు ఈ రెండు మాటల పుట్టుక చూద్దాం. చాకు అనేది ఫారసీ, తురక భాషల దారిలో ఉర్దూలోకి వచ్చి, ఉర్దూ నుంచి మనకు అందిన మాట. హిందీలో చాకూ, మరాఠీలో చాకూ, కన్నడంలో చాకు, తుర్కీలో ఇప్పటికీ చిన్న మడతకత్తిని చకి అంటారు. సూరి మాటకొస్తే సంస్కృతంలో క్షురం, ఛురిక ఉన్నాయి. ఆ కుదురు నుంచే తెలుగు పుస్తకాల్లోని చురకత్తి, చూరకత్తి వచ్చాయి. చూపు చురకత్తిలా ఉందని రాసే రచయిత, సూరికత్తి అనే మా అవ్వ, ఇద్దరూ ఒకే మాటను పలుకుతున్నారు. అట్లాంటప్పుడు సూరికి కన్నడ ముద్ర ఎందుకు? పరాయి మాటని తీసేయాలంటే ముందు తీయాల్సింది నడిమి గడిలోని చాకునే గదా?

నేను చాకును తీసేయమనడం లేదు. తెలంగాణవాళ్ళకు అది ఇంటిమాట. అక్కడినుంచి సోలాపూరు మగ్గాలకు వెళ్ళిన కుటుంబాలకు ఇంకా ఇంటిమాట. ఏమిటికంటే అటు ఉర్దూ ఉంది, ఇటు మరాఠీ ఉంది, రెంటిలోనూ అదే మాట. అరువు మాట వందల ఏండ్లు నోట నానితే అరువు తీరిపోయినట్టే. నేను అడిగేది ఒక్కటే. ఆ మాఫీ చాకుకు ఉన్నప్పుడు సూరికి ఎందుకు లేదు? చాకుకు అచ్చుపుస్తకాల అండ ఉంది, బడి అండ ఉంది. సూరికి అవ్వ నోరు మాత్రమే ఉంది. నడిమి గడి చూసుకున్నది భాష పుట్టుకను కాదు, ఏ మాట వెనక ఎవరు నిలబడి ఉన్నారు అన్నదాన్ని.

ఇంకో సంగతి. మన వాళ్ళున్న చోట్లన్నీ కలిపి చూడండి. మరాఠీలో సురీ, ఒడియాలో ఛురీ, కన్నడంలో చూరి, తమిళంలో సూరి, సూరిక్కత్తి. బరంపురం తెలుగాయన, సోలాపూరు తెలుగాయన, హోసూరు ఆయన, కోవిల్‌పట్టి ఆయన ఒక చోట కూర్చుంటే నలుగురికీ చప్పున తెలిసే మాట సూరి. చాకు అట్లా కాదు. తమిళనాడు దక్షిణాన చాకు అని పలికితే వినేవాళ్ళ చెవికి తమిళ 'సాక్కు' తగులుతుంది. సాక్కు అంటే గోనెసంచి. బడిలో 'సరైన తెలుగు' నేర్చుకున్న పిల్లోడు అంగడికి పోయి "చాకు ఇయ్యన్నా" అంటే చేతికి గోనె వచ్చేది ఖాయం. నవ్వుకోవచ్చు గానీ, నవ్వు వెనక ఆ పిల్లోడు ఇంటికొచ్చి మన మాటే తప్పనుకుంటాడు. రేపు వాడి పిల్లలకు తెలుగులో కాకుండా తమిళంలోనే కత్తి పేరు చెప్తాడు. నడిమి గడి వల్ల జరిగే నష్టం ఇది.

కత్తి ఎంత పొడవు?

అసలు మాట కత్తి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగింటిలోనూ ఉంది. బ్రౌను దొర తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కత్తికి చిన్నకత్తి, మంగలికత్తి, పెద్ద ఖడ్గం అనే అర్థాలు మూడూ ఇచ్చాడు. 1852లో అచ్చయిన పుస్తకం అది. 1903లో సవరించి మళ్ళీ వేశారు. బ్రౌను చేసింది సరైన పని. తెలుగులో కత్తి నిజంగానే అంత విశాలమైన మాట. క్షౌరం నుంచి యుద్ధం దాకా అన్నీ దానిలోనే.

కానీ మన ఊళ్ళలో ఆ విశాలం అట్లే నిలవలేదు. తమిళంలో కత్తి అంటే ముందు తోచేది ఇంటి కత్తి, కూరగాయల కత్తి. యుద్ధానికి వేరే మాట ఉంది, వాళ్. కన్నడంలో కత్తి అంటే పెద్దది ముందు తోస్తుంది, ఖడ్గంగానీ కొమ్మలు నరికేదిగానీ. చిన్నదానికి చాకు, చూరి ఉన్నాయి. నేను విన్నంతలో మన తెలుగు కూడా ఈ ఇరుగుపొరుగు ఒత్తిడికి లోబడింది. తమిళం పక్కన ఉండే తెలుగులో కత్తి చిన్నదయింది. కన్నడం పక్కన ఉండే తెలుగులో కత్తి పెద్దదయి, చిన్నదానికి సూరి నిలబడింది. ఒకే మాట, రెండు దిక్కులకు సాగింది. హోసూరులాంటి చోట, మూడు భాషలు ఒక అంగట్లో కలిసే చోట, ఒకే మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి కత్తి పొడవు మార్చుకుంటాడు.

ఇది పట్టికలో ఎట్లా పడుతుంది? 'కత్తి – కత్తి – నైఫ్' అని రాస్తే మూడు గడులూ నిండుతాయి, తెలిసింది మాత్రం సున్నా. అసలు చాలా పట్టికల్లో కత్తి కనపడనే కనపడదు. కారణం తెలిసిందే: 'అది మామూలు తెలుగే కదా, తేడా లేదు కదా' అని వదిలేశారు. తేడా మాటలో లేదు, మాట పట్టే వస్తువులో ఉంది. వింత మాటల కోసమే వెతికే పట్టిక ఇట్లాంటి తేడాను ఎప్పటికీ పట్టుకోలేదు.

పెద్ద పుస్తకాల మాట

చిన్న పట్టికలనే తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. పెద్ద పుస్తకాలు మనకు ఏం ఇచ్చాయో కూడా చూడాలి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం గొప్ప పని. మొదటి సంపుటం వ్యవసాయ పదాలు, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో. రెండూ భద్రిరాజు కృష్ణమూర్తి గారి చేతిమీదుగా. పండితుల దగ్గర కాకుండా పని చేసేవాళ్ళ దగ్గరికి పోయి మాటలు అడగడం, ఏ మాట ఏ ప్రాంతానిదో చెప్పడం, ఏ మాటనూ తప్పు అనకపోవడం, ఈ మూడూ మనం ఇంకా నేర్చుకోవాల్సినవే. దాంట్లో నడిమి గడి లేదు. నాగలికి మడక అనేవాళ్ళకు మడకే సరైన మాట.

కానీ ఆ పదకోశం ఆంధ్రప్రదేశ్ ఎల్లల లోపల ఆగింది. ఆగక తప్పదు, అది ఆ రాష్ట్రం అకాడమీ పని. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు గీసినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. కుప్పంలో రైతు ఒక మాట చెప్తే పుస్తకంలోకి ఎక్కడానికి దారి ఉంది. కొన్ని మైళ్ళ ఇవతల అదే పంట పండించే, అదే మాట పలికే మా రైతుకు ఆ దారి లేదు.

ఇటు తమిళ పక్క చూస్తే కి. రాజనారాయణన్ ఉన్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఆయన ఊరు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగు నేల వదిలి తమిళ నేలకు వచ్చిన మన వాళ్ళ కథనే గోపల్ల గ్రామం నవలగా రాశారు. 1982లో కరిసల్ నేల మాటలతో సొంతంగా ఒక మాండలిక నిఘంటువు వేశారు. విశ్వవిద్యాలయం లేదు, ప్రభుత్వం లేదు, స్నేహితులతో కలిసి చేసిన పని. దాని ధైర్యానికి నేను దండం పెడతాను. కానీ అది తమిళ నిఘంటువు. కరిసల్ తమిళంలోకి వచ్చిన మాటలకే దాంట్లో చోటు. ఇంటి లోపలి తెలుగు ఆ పుస్తకం చేయాల్సిన పని కాదు.

అంటే ఒక పుస్తకానికి మనం రాష్ట్రం బయటివాళ్ళం, ఇంకో పుస్తకానికి భాష బయటివాళ్ళం. ఎవరి తప్పూ లేకుండానే మన మాటలు రెండిటి నడుమ జారిపోయాయి. అందుకే ఈ చిన్న పట్టికల మీద నాకు ఇంత పట్టింపు. పెద్దవాళ్ళు పోలేని చోటికి పోయే దారి వీటికే ఉంది. ఆ దారిలో పోయి మళ్ళీ 'సరైన తెలుగు' అని ఒక గడి గీయడం ఏమిటి?

పేర్లు దొరికాయి, పనులు పోయాయి

పట్టికల రెండో లోపం ఇంకా పెద్దది. అవి వస్తువుల పేర్లు రాస్తాయి, పనుల మాటలు రాయవు. సూరికత్తి ఉంటుంది, దాన్ని ఏం చేస్తారో ఉండదు.

పదును సంగతే తీసుకోండి. పట్టణాల తెలుగులో అన్నిటికీ ఒకటే మాట, 'పదును పెట్టు'. కొలిమి దగ్గర, బావిగట్టు దగ్గర అట్లా కాదు. బండ మీదనో చిన్న రాయి మీదనో నీళ్ళు చల్లి రుద్దితే నూరడం. తిరిగే చక్రం మీద పెడితే సాన పట్టడం. కొడవలికి పండ్లు తీస్తే కక్కు పెట్టడం. మంగలి తన కత్తిని తోలు పట్టీ మీద ఇటూ అటూ తిప్పేది వేరే పని. ఎర్రగా కాల్చి, కొట్టి, నీళ్ళలో ముంచేది అన్నిటికంటే ముందు పని. నిజానికి పదును అనే మాట ఆ చివరిదానికే ఎక్కువ దగ్గర.

ఎందుకంటే పదును అంటే వాడి మాత్రమే కాదు. వాన పడి దున్నడానికి సరిపోయేంత తడి నేలలో ఉంటే దాన్నీ పదును అంటాం. కన్నడంలో హద, తమిళంలో పదం, రెండూ అదే కుదురు, 'సరిగ్గా కుదిరిన స్థితి' అని. పాకం కుదిరితే పదం, నేల కుదిరితే పదును. ఇనుముకూ అంతే. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది, రాయి తగిలితే అంచు ఊడుతుంది. మళ్ళీ కొంచెం వేడి చూపించి ఆ పెళుసును తగ్గించాలి. ఎక్కువ చూపిస్తే మెత్తబడుతుంది. ఈ నడిమి స్థితిని కమ్మరి రంగు చూసి పట్టుకుంటాడు. నేల పదును రైతు అడుగు పెట్టి పట్టుకున్నట్టే. ఒకే మాట రెండు చోట్ల ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమవుతుంది. 'పదును – షార్ప్‌నెస్' అని రాసిన పట్టికలో ఈ తెలివంతా పోయింది.

నూరడంలోనూ తెలివి ఉంది. అలుగును రాయి మీద నిలువుగా పెట్టకూడదు, పూర్తిగా పడుకోబెట్టకూడదు. ఒక్క వాలు పట్టుకుంటే చివరిదాకా అదే వాలు. ఒక పక్క నూరగా నూరగా అవతలి పక్కకు సన్నటి పొర ఒకటి మడుస్తుంది, వేలు అడ్డంగా జరిపితే గరుకుగా తగులుతుంది. అది తగిలిందంటే ఈ పక్క చాలు, తిప్పమని గుర్తు. చివర ఆ పొరను తోలు మీదనో అరచేతి మీదనో దులపాలి. దులపకపోతే మొదటి మామిడికాయకే అంచు మడిచి, కత్తి నూరనట్టే ఉంటుంది. సాన చక్రం మీద పని బిరీన అవుతుంది. కానీ వేడెక్కితే కమ్మరి కుదిర్చిన పదును పోతుంది. చిన్న కత్తిని సానకు ఇయ్యకుండా బండ మీదనే నూరమని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. లారీ కమాను కట్ట ముక్కతోనో పాత ఆకురాయితోనో చేసిన కత్తికి ఇది ఇంకా ముఖ్యం, దాంట్లో మంచి ఉక్కు ఉంటుంది, చెడగొట్టుకోకూడదు.

ఇక పదును పోయినప్పటి మాట. పట్టణంలో మొద్దుబారింది అంటారు. మా పక్క మొక్కబోయింది అంటాం. పట్టికల్లో దీన్ని 'మొద్దుబారు' అనే సరైన తెలుగు పక్కన దోషిలా నిలబెట్టారు. అదే పట్టిక రాసినాయన సభలో మాట్లాడితే 'మొక్కవోని ధైర్యం' అంటాడు. మొక్కవోని అంటే మొక్కబోని. అంచు చెదరని కత్తిలాంటి ధైర్యం. సభలో పలికితే సొగసు, బావిగట్టు దగ్గర పలికితే యాస! తమిళంలో మొద్దు కత్తిని మొక్కై కత్తి అంటారు, పస లేని మాటను కూడా ఇప్పటి పిల్లలు మొక్కై అనేస్తారు. మా మొక్కబోవడాన్ని, పుస్తకాల మొక్కవోవడాన్ని, తమిళ మొక్కైను పక్కపక్కన పెడితే చుట్టరికం కనపడకుండా పోదు. పట్టిక చేయాల్సిన పని ఈ చుట్టాలను కలపడం.

అలుగు కూడా అంతే. కత్తిలో కోసే భాగం అలుగు. తమిళంలో అలగు, కన్నడంలో అలగు. పుస్తకాల తెలుగులోనూ ఉంది. కానీ పట్టణం తెలుగులో అలుగు అంటే చెరువు అలుగే, కత్తిది 'బ్లేడు' అయింది. మా పక్క ఇంకా బతికున్న మాటను ఎడమ గడిలో వేసి, నడిమి గడిలో బ్లేడు అని రాయడం కూడా నేను చూశాను.

జోబి లేనప్పుడు జోబికత్తి యాడుండేది?

మడతకత్తిని ఏమంటారని అడిగితే తమిళం ఒత్తిడి ఉన్న చోట 'మడక్కత్తి' అనే మాట వినపడుతుంది. తమిళంలో మడక్కు అంటే మడుపు. కానీ మడకతో దున్నేవాళ్ళకు ఆ మాట వింటే కర్రు గుర్తొస్తుంది. అందుకే మా పక్క మడిచే కత్తి అని విడదీసి చెప్పేది. మాట ఎందుకు ఆ రూపంలో ఉందో ఇట్లాంటి చిన్న ఇబ్బందులే చెప్తాయి.

తమిళంలో దీనికే ఇంకో పేరు పేనాక్కత్తి. ఇంగ్లీషువాళ్ళ పెన్‌నైఫ్‌కు సరిగ్గా మారుమాట. ఈక కలాన్ని చెక్కుకునే కత్తి అని దాని మొదటి అర్థం. ఉర్దూలో కలంతరాష్ అనే మాట ఉంది, రెల్లు కలం చెక్కే కత్తి. ఈ రెంటికంటే ముందు మన దక్షిణాదిలో తాటాకు గంటం ఉంది. కొన్ని గంటాలకు ఒక కొసన రాసే ములుకు, ఇంకో కొసన ఆకు కత్తిరించే చిన్న అలుగు, రెండూ ఒకే పిడిలోకి మడిచేటట్టు చేసేవాళ్ళు. తమిళంలో వాటిని మడక్కెழுత్తాణి అనే పేరుతో పిలిచేది. అంటే జోబికత్తి మన దగ్గర బెదిరించే వస్తువుగా పుట్టింది కాదు, రాసే వస్తువుకు తోడుగా ఉండింది. కరణం దగ్గర గంటం, దాని పక్కనే కత్తి. ఏ కాలంలో దేని మీద రాశారో ఆ కాలపు చిన్నకత్తి పేరులో ఉంది. ఈ కథ చెప్పని పట్టిక పేనాకత్తి పక్కన 'తమిళ ప్రభావం' అని మాత్రం రాసి చేతులు దులుపుకుంటుంది.

జోబి రాకముందు ఈ కత్తిని మొలతాడుకు కట్టుకునేది, రొండిన దోపుకునేది, వక్కాకు సంచిలో సున్నపుకాయ పక్కన వేసుకునేది. కట్టుకోవడం, దోపుకోవడం, వేసుకోవడం: మూడు చోట్లు, మూడు పనులు. తమిళం దోపుకోవడాన్ని సొరుగు అంటుంది. మనకు సొరుగు అంటే బల్ల సొరుగు, లోపలికి తోసేదే. మోసే పద్ధతి పోయింది కాబట్టి ఈ మాటలు ముందుగా పోతాయి. రొండి అనే మాట తెలిసిన పిల్లలు ఎందరున్నారు? ప్యాంటుకు రొండి లేదు.

మోయడం ఎందుకు పోయింది అంటే బట్టలు మారడం ఒక కారణం. భయం ఇంకో కారణం. సినిమాల్లో రాంపురి చాకు టప్పున తెరుచుకున్నప్పటినుంచి మడతకత్తి అంటే రౌడీ వస్తువు అయిపోయింది. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాలు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులను ఆయుధాల లెక్కలో వేశాయి. ఇంటికీ సేద్యానికీ చేసినవాటిని పక్కన పెట్టాయి. వక్కాకు సంచిలోని సూరికత్తి ఆ కొలతకు దరిదాపుల్లో లేదు. అయినా బస్సులో, కచేరీలో, గుడి దగ్గర ఎవడు అడుగుతాడోనని మనవాళ్ళు ఇంట్లో పెట్టేశారు. విమానం ఎక్కేవాళ్ళు ఎట్లాగూ చేతి సంచిలో తీసుకుపోలేరు. కత్తి రొండి నుంచి బీరువాకు పోయింది, అక్కడినుంచి సేకరించేవాళ్ళ అద్దాల పెట్టెలోకి పోతోంది.

సేకరించేవాళ్ళ మీద నాకు గౌరవమే. లేకపోతే అవి పాత ఇనుముకు పోయేవి. కానీ వాళ్ళు చేసే రెండు పనులు నాకు నచ్చవు. ఒకటి, తళతళలాడేదాకా తోమడం. ఏండ్ల తరబడి ఒకే చేత్తో నూరగా అలుగు ఒక పక్కకు అరిగి ఉంటుంది. ఆ అరుగుదలే దాని చరిత్ర. రెండోది, ప్రతిదానికీ కఠారి అనో బాకు అనో రాజులకాలపు పేరు తగిలించడం. వక్క కోసిన కత్తికి యుద్ధం అంటగడితే వెల పెరుగుతుందేమో, మాట మాత్రం చెడుతుంది. మన పట్టికలు చేసేది కూడా ఇదే రకం పని. వాడుక అరుగుదలను తోమేసి, పైన గొప్ప పేరు అతికించడం.

అడకత్తెరలో అడ ఏమిటి?

వక్కాకు సంచిలో సూరికత్తికి జోడు అడకత్తెర. దీన్ని పట్టికల్లో వేయరు, అది అచ్చ తెలుగు సామెతలోనే ఉంది కదా అని. అడకత్తెరలో పోకచెక్క అని అందరం అంటాం. కానీ అడ అంటే ఏమిటి? తెలుగులో ఆ కాయకు వక్క, పోక అనే పేర్లు ఉన్నాయి, అడ లేదు. కన్నడంలో అడకె, అడికె. మలయాళంలో అడక్క, దీన్నే పోర్చుగీసువాళ్ళు పట్టుకుపోతే ఇంగ్లీషులో అరెకా అయింది. అంటే మన అడకత్తెర కడుపులో అడకె దాగి ఉంది. మరాఠీవాళ్ళు అడకిత్తా అంటారు, వాళ్ళకూ ఈ మాట దక్షిణం నుంచే పోయింది. తమిళం మాత్రం పాక్కువెట్టి అని తన మాటతో చేసుకుంది. ఒడియా గువాకాతి అంటుంది, గువా అంటే వక్క.

ఇప్పుడు చెప్పండి, సామెతలోకి ఎక్కిన అడకత్తెరకు ఎవరూ 'కన్నడ ప్రభావం' ముద్ర వేయరు. ఎందుకంటే అది పుస్తకంలో ఉంది. హోసూరులో అవ్వ నోట ఇట్లాంటిదే ఇంకో మాట వస్తే అది కలుషితం. కలయిక మనది మాత్రమే కాదు, తెలుగంతా కలయికే. మనం ఎల్ల మీద ఉన్నాం కాబట్టి మన కలయిక కండ్లకు కనపడుతుంది, అంతే తేడా.

ఉక్కు గొప్ప

కత్తుల మాట వస్తే మనవాళ్ళు ఒక గొప్ప తప్పకుండా చెప్పుకుంటారు. ఇంగ్లీషులో వుట్జ్ అనే మాట మన ఉక్కే అని. నిజమే, తెలుగు, కన్నడ ఉక్కే ఆ మాటకు మూలమని పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. తెలంగాణలో కోనసముద్రం, తమిళనాట సేలం, మైసూరు సీమ, అన్నీ ఆ ఉక్కుకు పేరుపడ్డవే. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీని మీద రాశాడు. బొంబాయి నుంచి పంపిన ఆ ఉక్కు ముద్దలో ఒక ముక్కతో స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఏం చేశాడో తెలుసా? పెన్‌నైఫు. ఖడ్గం కాదు. వాళ్ళు పరీక్షకు ఎంచుకున్నది కలం చెక్కే చిన్నకత్తిని.

ఈ కథ నాకూ ఇష్టమే. కానీ ఒకటి గమనించండి. ఆ పత్రికలోకి పోయింది ఒక్క పేరు, అదీ చెవికి తప్పుగా వినపడిన పేరు. ఉక్కు ముద్దను కాచిన మనిషి ఆ పనిని ఏ మాటతో చెప్పాడు, ఎంత కాచాలని ఎట్లా గుర్తుపట్టాడు, ఇవేవీ దాంట్లో లేవు. లండన్‌లో కూర్చున్నవాడు పేరు మాత్రం తీసుకొని పనిని వదిలేశాడంటే అర్థం చేసుకోవచ్చు, వాడికి ఆ మనుషులు అందుబాటులో లేరు. మన అవ్వలు, మన కమ్మరి పెద్దలు మనకు అందుబాటులో ఉన్నారు. అయినా మనం కూడా పేరు మాత్రమే రాసుకొని వచ్చేస్తే ఎట్లా?

ఎట్లా రాయాలి

తప్పు పట్టేవాడు దారి కూడా చెప్పాలి. నా దారి చాలా చిన్నది.

నడిమి గడి తీసేయండి. 'సరైన' అనే మాటే వద్దు. ఆ చోట చుట్టాలను పెట్టండి: తమిళంలో, కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో, రాయలసీమలో, తెలంగాణలో, కోస్తాలో ఇదే మాట ఏ రూపంలో ఉంది అని. మాట ఏ అంగట్లో, ఏ పొలంలో ఎవరితో కలిసి తిరిగిందో అప్పుడు కనపడుతుంది.

పేరు దగ్గర ఆగకుండా ఆ వస్తువుతో చేసే పని, దాన్ని బాగుచేసే పని, దాన్ని పెట్టుకునే చోటు, అది పాడయితే అనే మాట, ఈ నాలుగూ అడగండి. అడగడానికి మంచి పద్ధతి "దీన్ని ఏమంటారు?" కాదు. ఆ ప్రశ్నకు పెద్దవాళ్ళు మనం ఏది వినాలనుకుంటున్నామో అదే చెప్తారు, కొందరు సిగ్గుపడి పుస్తకం మాటే చెప్తారు. కత్తి చేతికిచ్చి నూరమనండి. పని మొదలయితే మాటలు వాటంతట అవే వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఒక వాక్యం రాయండి. మాట ఒంటరిగా ఉంటే ఎవరైనా దాన్ని తప్పు అనొచ్చు. వాక్యంలో ఉంటే అనలేరు. సూరికత్తి పక్కన నేను ఇట్లా రాస్తాను: "రేయ్, ఆ సూరి ఇట్లియ్‌రా, మొక్కబోయుండాది, బండమింద రవంత నూరుకోని వస్తా." ఈ ఒక్క వాక్యంలో వస్తువు పేరు ఉంది, దాని జబ్బు ఉంది, మందు ఉంది, ఇచ్చేవాడికీ అడిగేవాడికీ ఉన్న చనువు ఉంది, 'ఉండాది' అనే మా క్రియ ఉంది. దీన్ని ఏ నడిమి గడిలో ఎట్లా 'సరిచేస్తారో' చూడాలని ఉంది.

మొదట ఏ మాటతో మొదలుపెట్టాలని అడిగితే, ఇంట్లో ఇంకా వాడుకలో ఉన్న కత్తితోనే మొదలుపెట్టండి. కత్తిపీటనో ఈలపీటనో, దానికి మీ ఇంట్లో ఉన్న పేరేదో. దాన్ని ఎవరు నూరుతారు, దేని మీద నూరుతారు, ఆ మాట ఏమిటి. ఈ ఆదివారం కూర తరిగేటప్పుడు పక్కన కూర్చుంటే సగం పదకోశం వచ్చేస్తుంది.